ఓరుగల్లు చూచివద్దాం రండి



చలి వెళ్లిపోయి, ఎండ ఇంకా ముదరని కాలం మన పల్లెలలో చాలా కొద్దిగానే ఉంటుంది. ఫిబ్రవరి మొదలుకొని మార్చి సగం వరకు, అంటే సుమారు ఆరు వారాలు మాత్రమే. వానాకాలపు ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది. యాసంగి నాట్లు పచ్చబడి ఉంటాయి. మామిడి పూత పిందెగా మారుతుంటుంది. బూరుగు చెట్టు, మోదుగ చెట్టు ఆకులు రాల్చి ఎర్రని పూలు తొడుగుతాయి. కుటుంబమంతా కలిసి ఎక్కడికైనా వెళ్లి రావాలంటే ఇదే తగిన సమయం. ఉగాది దాటితే వడగాడ్పులే గదా!

ఎక్కడికి వెళ్దామని అడిగే కుటుంబాలకు నేను చెప్పే పేరు ఓరుగల్లు. కాకతీయుల రాజధాని అయిన ఓరుగల్లును, అక్కడినుండి ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగల స్థలాలను చూచిరండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. సద్ది మూట, మంచినీళ్లు, బస్సు చార్జీలు ఉంటే చాలు. అయితే చూచేటప్పుడు ఒక ప్రశ్న మనసులో పెట్టుకొని చూడండి. ఇంత గొప్ప రాజధాని పోయిన తరువాత, దానిలో ప్రజలకు మిగిలింది ఏమిటి?

మొదటి రోజు కోటను, హనుమకొండను చూడండి. కాకతీయులు మొదట హనుమకొండ నుండి పాలించారు. అక్కడ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఉన్నది. తరువాత రాజధాని ఓరుగల్లుకు మారింది. ఓరుగల్లు అంటే ఒంటి రాయి అని అర్థం. ఏకశిలానగరం అనే పేరు కూడా అందువల్లనే వచ్చింది. ఆ ఒంటి రాతి గుట్ట కోటలో ఇప్పటికీ కనిపిస్తుంది. 1199 నుండి 1262 వరకు గణపతిదేవుడు, ఆ తరువాత ఆయన కుమార్తె రుద్రమదేవి, ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు ఇక్కడినుండి రాజ్యం చేశారు. ఆడపిల్ల సింహాసనం ఎక్కి దేశాన్ని ఏలిన ఊరు ఇది. కుమార్తెలున్న తల్లిదండ్రులు ఈ మాట అక్కడ నిలబడి పిల్లలకు చెప్పండి.

ఈ కోటకు వెలుపల మట్టి గోడ, లోపల రాతి గోడ, వాటి చుట్టూ కందకాలు ఉన్నవి. నడుమ నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలిచి ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో మనం చూచే తోరణం ఇదే. ఆ తోరణాల నడుమ ఒకప్పుడు పెద్ద శివాలయం ఉండేది. ఇప్పుడు అక్కడ విరిగిన స్తంభాలు, చెక్కిన రాళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూరు ముట్టడికి లొంగి ఓరుగల్లు అపారమైన ధనం చెల్లించవలసి వచ్చింది. 1323లో ఉలూగ్ ఖాన్ దండు కోటను పట్టుకొన్నది. ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి తీసుకొనిపోతుండగా ఆయన నర్మదా తీరంలో మరణించాడని తరువాతి తామ్రశాసనం తెలుపుతున్నది. అంతటితో ఆ రాజ్యం ముగిసింది.

కోట లోపల నడుస్తుంటే మీకు మరొక సంగతి కనిపిస్తుంది. ఆ గోడల మధ్య ఇప్పటికీ ఇళ్లున్నవి, పొలాలున్నవి. రాజు సభ తీర్చిన చోటికి కొద్ది దూరంలో ఒక రైతు మడికి నీళ్లు కడుతుంటాడు. రాజ్యం పోయింది గాని వ్యవసాయం పోలేదు. దీనికి కారణం తెలుసుకోవాలంటే పట్టణం దాటి బయటికి వెళ్లాలి.

రెండవ రోజు ములుగు దారి పట్టండి. ఓరుగల్లుకు సుమారు 70 కి.మీ. దూరంలో పాలంపేట అనే ఊరిలో రామప్ప గుడి ఉన్నది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని కట్టించినట్లు 1213 నాటి శాసనం అక్కడే నిలిచి ఉన్నది. గుడికి కట్టించిన ప్రభువు పేరు గాక, చెక్కిన శిల్పి పేరు నిలిచిందని జనులు చెప్పుకుంటారు. పునాది గోతిని ఇసుకతో నింపి దానిమీద ఇంత బరువు నిలబెట్టారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలేటంత తేలికైనవి. ఎర్రని రాతి గోడలకు నల్లరాతి బొమ్మలను అద్దంవలె నునుపుచేసి అమర్చారు. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

విశ్వాసులు గుడికి వెళ్లవచ్చునా అని కొందరు అడుగుతారు. మనం అక్కడికి వెళ్లేది చరిత్ర చదువుకొనుటకు, చేతిపని నేర్పు చూచుటకు. అది మన పొరుగువారు పూజించుకొనే స్థలం గనుక చెప్పులు విప్పమన్నచోట విప్పాలి, మెల్లగా మాట్లాడాలి, ఎవరినీ నొప్పించకూడదు. మన మందిరానికి వచ్చిన అతిథి ఎట్లా ఉండాలని కోరుతామో మనం కూడా అక్కడ అట్లాగే ఉంటే చాలు.

గుడి చూచి చాలామంది తిరిగి బస్సు ఎక్కుతారు. దయచేసి అట్లా చేయకండి. కొద్ది దూరంలోనే రామప్ప చెరువు ఉన్నది. గుడి కట్టిన కాలంలోనే దీనిని కూడా కట్టారు. ఒకసారి మాతో వచ్చిన వృద్ధ రైతు ఒకాయన గుడి చుట్టూ ఒక్కసారి తిరిగి, మిగిలిన సమయమంతా చెరువు కట్టమీదే గడిపారు. “అయ్యగారూ, బొమ్మలు చెక్కించినాయనకు నీళ్ల లెక్క కూడా బాగా తెలుసు” అన్నారు. ఆ మాట ఎంత నిజమో కట్టమీద నిలబడితే తెలుస్తుంది. ఒక పక్క గుట్టల మధ్య నీరు, మరొక పక్క కనుచూపు మేర పచ్చని వరి.

మన ఊరి పిల్లలలో చాలామందికి చెరువు పనిచేసే తీరు తెలియదు. రామప్ప కట్టమీద వారికి చూపించండి. రెండు గుట్టల నడుమ సందును మట్టితో, రాతితో మూసినది కట్ట. దాని అడుగున పొలాలకు నీరు విడిచే రాతి మార్గం తూము. నిండిన తరువాత ఎక్కువైన నీరు కట్టను తెంపకుండా ప్రక్కగా పొర్లిపోయే చోటు మత్తడి, కొన్ని ఊళ్లలో దానినే అలుగు అంటారు. పై చెరువు మత్తడి దుంకిన నీరు కింది చెరువుకు, దాని నీరు ఆపై కింది చెరువుకు పోతుంది. గొలుసుకట్టు చెరువులు అంటే ఇవే. ఒక వాన నీటిని నాలుగు ఊళ్లు పంచుకొనే ఏర్పాటు ఇది. ఏ మడికి ఎంతసేపు నీరు విడవాలో చూచుటకు ఊరికి ఒక నీరటికాడు ఉండేవాడు.

అదే రోజు సమయముంటే గోవిందరావుపేట దగ్గర లక్నవరం చెరువు కూడా చూడవచ్చు. మూడు ఇరుకైన లోయలకు మూడు చిన్న కట్టలు వేసి, మిగిలిన చోట్ల కొండలనే గోడలుగా వాడుకొన్నారు. కొద్ది శ్రమతో పెద్ద చెరువు తయారైంది. ఇప్పుడు అక్కడి దీవులకు వెళ్లుటకు వేలాడే వంతెన ఉన్నది. పిల్లలకు అది చాలా ఇష్టం. చేయి పట్టుకొని నడిపించండి.

మూడవ రోజు నర్సంపేట మీదుగా పాకాల వెళ్లండి. ఓరుగల్లుకు సుమారు 50 కి.మీ. ఉంటుంది. గణపతిదేవుని కాలంలో జగదళ ముమ్మడి దీనిని కట్టించాడు. కట్ట సుమారు మైలు పొడవు. నిండితే నీరు 30 చదరపు కి.మీ. వరకు పరచుకొంటుంది. చుట్టూ అడవి. ఫిబ్రవరి నెలాఖరున మోదుగ పూలు విరగబూసి అడవి అంతా ఎర్రబడి ఉన్నప్పుడు ఆ నీటి పక్కన కూర్చుని తిన్న సద్ది పిల్లలకు చాలా కాలం గుర్తుంటుంది.

పూర్వులు సప్తసంతానాలని ఏడింటిని చెప్పేవారు. కన్న కుమారునితో పాటు చెరువు, తోట, గుడి, కావ్యం, నిధి, అగ్రహారం కూడా మనిషి పేరు నిలబెట్టే సంతానమని వారి నమ్మకం. చెరువు కట్టించినవారికి, దానిని బాగుచేసేవారికి ఆయకట్టు భూమిలో దశబంధ మాన్యం ఇచ్చేవారు. కట్టించి వదిలేస్తే ఏ చెరువూ బ్రతకదని వారికి తెలుసు. ఏటేటా కట్టమీద మొక్కలు పీకాలి, తూము సరిచేయాలి, పూడిక తీయాలి. ఈ పని ఎవరో ఒకరికి అప్పగించి, దానికి ప్రతిఫలం కూడా ఏర్పరచారు.

రాజులను పొగడుటకు మాత్రమే ఇది వ్రాయడం లేదు. అదే ములుగు జిల్లాలోని మేడారంలో కోయలు చెప్పుకొనే కథ మరొక విధంగా ఉంటుంది. కరువు వచ్చి కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుని సైన్యం తమపైకి వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ ఎదిరించి ప్రాణాలు విడిచారని వారి నమ్మకం. రెండేండ్లకొకసారి మాఘ పౌర్ణమి సమయాన జరిగే జాతరకు లక్షలాదిమంది వస్తారు. ఒకే రాజధానిని ఆయకట్టు రైతు నీళ్లిచ్చిన చేయిగా తలచుకొంటాడు, అడవిబిడ్డ పన్ను గుంజిన చేయిగా తలచుకొంటాడు. రెండూ వినాలి. పెద్ద పదవిలో ఉన్నవారి పేరు కడకు పేదవాని నోట ఎట్లా మిగులుతుందో ఇక్కడ తెలుస్తుంది.

ఇక నాలుగవ ప్రయాణం రైలులో. వరంగల్లు స్టేషనులో డోర్నకల్లులో ఆగే రైలు ఏదో విచారించుకొని ఎక్కితే మహబూబాబాదు మీదుగా సుమారు గంటన్నరలో చేరవచ్చు. అక్కడి ఎపిఫనీ దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. దానిని కట్టించినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తిరునెల్వేలి ప్రాంతం నుండి తెలుగు దేశానికి సువార్తకై వచ్చి, మన భాష నేర్చుకొన్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందారు. దూర దేశపు గుడిని ఎత్తి తెచ్చినట్లు కాక, ఇక్కడి మండపాలు, గుమ్మటాలు, స్తంభాల పనితనం చూచి ఆ రీతులన్నీ కలిపి కట్టించారు. ఓరుగల్లు స్తంభాలు చూచి వచ్చిన కన్నుకు ఆ పోలిక వెంటనే తెలుస్తుంది. 1945లో మరణించిన అజరయ్యగారి సమాధి అక్కడే ఉన్నది. ఈ ప్రాంతపు సంఘాలు బీదవారితో నిండినవి. పూటపూటకు పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు మన తల్లులకు కొత్త కాదు. ఏటేటా చెరువుకు చేసే చిన్న పనివంటిదే అది కూడా.

కాకతీయ చెరువులలో కొన్ని పూడిపోయినవి, కొన్ని తెగిపోయినవి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయించే పని మొదలుపెట్టింది. తీసిన ఒండ్రును రైతులు తమ పొలాలకు తోలుకొన్నారు. తండ్రి కాలపు బావులు పూడిపోయినప్పుడు ఇస్సాకు వాటినే తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లతోనే వాటిని పిలిచిన సంగతి మనకు తెలుసు. పాతదానిని బాగుచేయుట చిన్నతనం కాదు.

ప్రయాణం చేయువారికి కొన్ని సూచనలు. తెల్లవారుజామున బయలుదేరండి. మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు చెట్టునీడన ఉండండి. వృద్ధులను రామప్ప దాకా తీసుకొని వెళ్లండి, మెట్లు ఎక్కువ లేవు. జాతర జరిగే సంవత్సరం ఆ వారం రోజులు ములుగు దారికి పోకండి, బస్సులన్నీ నిండి ఉంటాయి. ఈత వచ్చినవారైనా చెరువులోకి దిగవద్దు. ఆకులు, కాగితాలు, ప్లాస్టిక్ సంచులు కట్టమీద వదలక తిరిగి తెచ్చుకోండి.

తిరిగి వచ్చిన తరువాత ఒక పని చేయండి. ఒక సాయంత్రం పిల్లలను తీసుకొని మీ సొంత ఊరి చెరువు కట్టమీదికి వెళ్లండి. తూము ఎక్కడున్నదో, మత్తడి నీరు ఏ ఊరికి పోతుందో, శిఖం భూమి హద్దు ఎంతవరకో ఊరి పెద్దవారిని అడిగి తెలుసుకోండి. ఆ హద్దులోకి ఇళ్ల స్థలాల రాళ్లు వచ్చి ఉంటే గ్రామసభలో మాట్లాడండి. కట్టమీద తుమ్మమొక్కలు మొలిచి ఉంటే సంఘపు యౌవనులు, ఊరి యువకులు కలిసి ఒక శనివారం పీకివేయవచ్చు. ఓరుగల్లు కోట గోడలు శత్రువును ఆపలేకపోయినవి. పాకాల కట్ట మాత్రం ఎనిమిది వందల ఏండ్లుగా వాన నీటిని ఆపుతూ మనకు అన్నం పెడుతున్నది. మన ఊరి కట్టకు ఆ భాగ్యం కలుగునట్లు చూచుకొనే వంతు ఇప్పుడు మనది.