తిమింగిలమును, మిథ్యావృశ్చికమును

పాత పుస్తకముల పుటల నడుమ నువ్వుగింజంత జీవి యొకటి అప్పుడప్పుడు కానవచ్చును. పటకారు వంటి దాని చేతులను చూచి తేలని జడియువారు కలరు. కాని దానికి తోకయు లేదు, కొండియు లేదు. కనుకనే మిథ్యావృశ్చికమను పేరు వచ్చినది. కాగితముల నాశ్రయించు సన్నని పురుగులను తినుచు అది పుస్తకములకు మేలే చేయును. దూరమేగవలసినచో ఈగ కాలు పట్టుకొని పోవును, ఖర్చులేని ప్రయాణము!

నీలి తిమింగిలము సుమారు 30 మీటర్ల వరకు పెరుగును. నేడున్న జంతువులలో అంతటిది వేరొకటి లేదు. దాని ఆహారము మాత్రము రొయ్యలవంటి క్రిల్ అను చిన్న ప్రాణులు.

అట్లని ఈ రెంటికిని పోలికయే లేదనుకొనరాదు. తిమింగిలపు పిల్ల పుట్టునప్పుడే దాదాపు 7 మీటర్లుండును. నెలల తరబడి తల్లిపాలే త్రాగును. మిథ్యావృశ్చికపు తల్లి గ్రుడ్ల సంచిని కడుపు క్రింద మోయుచు, తన దేహమునుండి పోషకద్రవము నందించి లోపలి పిల్లలను పెంచును. అవి పాలు కావు. అయినను తల్లి యిచ్చినవే.

తిమింగిలమునకు దాని పరిమాణమే చేటు తెచ్చినది. నూనెకై వేటగాండ్రు 20వ శతాబ్దమున దక్షిణార్ధగోళపు సముద్రములలోనే 3 లక్షలకు పైగా నీలి తిమింగిలములను చంపిరి. 1966లో అంతర్జాతీయ తిమింగిల వేట కమిషను వాని వేటను నిషేధించినది. తల్లి రెండు మూడేండ్ల కొక పిల్లనే కనును గనుక, అక్కడి సంతతి నేటికిని పూర్వపు సంఖ్యకు చేరలేదు.