సినిమా పోయింది... బిర్యానీ మిగిలింది!

సినిమాలు పుట్టే చోటు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. సినిమా హాల్లో పుట్టిన వంటిల్లును చూడాలంటే మాత్రం ఆ గుట్టలు దిగి సికింద్రాబాద్ వెళ్లాలి. దూరమేం కాదు. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ అమీర్‌పేట. అక్కడ దిగి నాగోలు వైపు వెళ్లే రైలు అందుకుంటే నాలుగో స్టేషన్. దాని పేరు... ప్యారడైజ్!

ఈ దారిలో మెట్రో పరుగు మొదలైంది 2017 నవంబరులో. పేరు మాత్రం అంతకంటే చాలా పాతది. ఒకప్పుడు ఇక్కడ ప్యారడైజ్ అనే సినిమా థియేటర్ ఉండేది. 1953లో అందులో ఓ చిన్న క్యాంటీన్ తెరిచారు. సినిమాకి వచ్చినవాళ్లకి చాయ్, సమోసా అందించడమే దాని పని. తర్వాత ఇరాన్ మూలాలున్న హేమతి కుటుంబం చేతుల్లో ఆ క్యాంటీన్ కాస్తా పెద్ద హోటలైంది. థియేటర్ కనుమరుగైపోయింది. దాని పేరు హోటల్‌కి మిగిలింది, కూడలికి మిగిలింది, చివరికి మెట్రో స్టేషన్‌కీ వచ్చేసింది. తెర లేని సినిమా హాలుకి ఇంతకంటే పెద్ద వారసత్వం ఏముంటుంది!

ఆదివారం మధ్యాహ్నం అక్కడికెళితే మొదట ఎదురయ్యేది వాసన. ఆ తర్వాత జనం. పార్శిల్ కోసం నిలబడినవాళ్లు కొందరు. ఏ బల్ల ఖాళీ అవుతుందా అని చూసేవాళ్లు ఇంకొందరు. తాతయ్య నుంచి చంటిపిల్ల దాకా కుటుంబం మొత్తం ఒకే బల్ల చుట్టూ సర్దుకోవడం, పక్క బల్ల నుంచి ఓ కుర్చీ అడిగి తెచ్చుకోవడం ఇలాంటి హోటళ్లలో మామూలే.

అందరూ ఎదురుచూసేది ఒక్కదాని కోసమే. హైదరాబాదీ దమ్ బిర్యానీ. మన ఊరి బిర్యానీ గొప్పతనమంతా ‘కచ్చి’లో ఉంది. అంటే మాంసాన్ని ముందుగా వండరు. పెరుగు, అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, పుదీనా, వేయించిన ఉల్లిపాయలు, మసాలాలు పట్టించి పచ్చి మాంసాన్నే గిన్నె అడుగున పరుస్తారు. దానిమీద సగం ఉడికిన బాస్మతి బియ్యం. ఆపైన కుంకుమపువ్వు, నెయ్యి. మూత పెట్టి చుట్టూ పిండి ముద్దతో మూసేస్తారు. ఇక లోపలి ఆవిరే అన్నాన్నీ, మాంసాన్నీ ఒకేసారి ఉడికించాలి.

అసలు పరీక్ష ఇక్కడే. కూరైతే మధ్యలో రుచి చూసి ఉప్పు తగిలించొచ్చు. చారైతే నాలుగు చుక్కలు పులుసు కలపొచ్చు. దమ్ మీదున్న బిర్యానీని అలా దిద్దుకునే వీల్లేదు. మంట ఎక్కువైతే అడుగు మాడుతుంది. తగ్గితే ముక్క ఉడకదు. మూత తీసేదాకా వంటమనిషికీ తెలియదు. ఇంట్లో కిలో బియ్యంతో చేస్తేనే గుండె దడదడలాడే పని ఇది. దీన్ని పెద్ద పెద్ద గిన్నెల్లో, రోజంతా చేస్తూనే ఉండాలంటే?

2017లో ప్యారడైజ్ శాఖలన్నీ కలిసి వడ్డించిన బిర్యానీలు 70,44,289. లిమ్కా బుక్ ఆఫ్ రికార్డ్స్‌కి ఎక్కిన లెక్క ఇది. సగటున చూస్తే రోజుకి 19 వేలకు పైమాటే! ఒక్క థియేటర్ క్యాంటీన్ ఇన్ని శాఖలుగా విస్తరించినప్పుడు ‘మునుపటి రుచి ఉందా?’ అన్న ప్రశ్న రాకమానదు. హైదరాబాద్‌లో ఆ ప్రశ్న అడగని ఇల్లుండదు. ‘అప్పట్లో ఆ రుచే వేరు’ అంటారు పెద్దలు. ‘ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చీయే బెస్ట్’ అంటారు పిల్లలు. ‘పాతబస్తీ షాదాబ్ తర్వాతే ఏదైనా’ అని మేనమామ తీర్పు చెబుతాడు. ఈ వాదన ఎప్పటికీ తేలదు. తేలకపోవడమే ఈ హోటళ్లకు రక్ష. ఎందుకంటే పాత పేరు మనిషిని ఒక్కసారే తీసుకొస్తుంది. రెండోసారి రప్పించాల్సింది మాత్రం ఆరోజు మూత కింద ఉన్న అన్నమే.

వడ్డించడం కూడా ఓ విద్యే. గిన్నెలోని అన్నాన్ని గరిటెతో కలిపేస్తే మెతుకు విరిగిపోతుంది. అందుకే ఓ పక్క నుంచి అడుగుదాకా తవ్వి తీస్తారు. అప్పుడే పైనున్న తెల్లన్నం, మధ్యలోని పచ్చటి మెతుకులు, కిందనున్న మసాలా, ముక్క అన్నీ పళ్లెంలోకి వస్తాయి. పక్కన మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ. పైపై అన్నం తిని ‘చప్పగా ఉంది’ అనేవాళ్లు అడుగున ఉన్న మసాలాను మర్చిపోయారన్నమాట!

బిర్యానీ వద్దనుకునేవారి సంగతేంటి? సముద్రం లేని ఊరైనా చేపకు లోటు లేదు. హైదరాబాద్ హోటళ్లలో అపోలో ఫిష్‌ది ప్రత్యేక స్థానం. ముల్లు తీసిన చేప ముక్కల్ని వేయించి, కరివేపాకు, పచ్చిమిర్చి, పెరుగుతో పొయ్యి మీద మళ్లీ ఓ తిప్పు తిప్పుతారు. దీనికి కొరమీను అయితే భేష్. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. ఇక విదేశీయులు స్టీక్ అని మందపాటి మాంసం ముక్కను కాల్చుకుని తింటారు కదా... మన ఊళ్లో దానికి దగ్గరి చుట్టం పత్తర్ కా గోష్త్. నిప్పుల మీద కాగిన గ్రానైట్ రాతి పలకపై పలుచటి మాంసం ముక్కల్ని కాలుస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకెళ్లినప్పుడు కబాబులకు ఊచలు లేక వంటవాళ్లు రాతిని వాడారని ఓ కథ చెబుతారు. దాన్ని రుచి చూడాలంటే పాతబస్తీ వైపు వెళ్లాలి.

కుటుంబంతో వెళ్లేవాళ్లు పన్నెండు గంటలకల్లా చేరుకుంటే నయం. ఒంటిగంట దాటితే నిరీక్షణ తప్పదు. వెళ్లగానే మనిషికో బిర్యానీ చెప్పేయకుండా, ముందు తక్కువ తెప్పించుకుని పంచుకుంటే వృథా కాదు, కబాబుకీ చోటుంటుంది. చివర్లో జల్దారు పళ్లతో చేసే ఖుబానీ కా మీఠా ఒక కప్పు చాలు, ఇద్దరికి రెండు చెంచాలతో. దాని తర్వాత ఇరానీ చాయ్. అన్నట్టు, 1953లో ఈ వంటింటి కథ మొదలైంది ఆ చాయ్‌తోనే!