ఆపా నెయిల్ పాలిష్

ఆపా కూతురి షాదీ ఇంకా తొమ్మిది రోజులుందనగా అబ్బా కారు మొరాయించింది. మర్హూమ్ అబ్బా వదిలివెళ్లిన అంబాసిడర్ అది. మార్క్ 4, పెట్రోల్ బండి. కర్నూలులో ఒకప్పుడు ఎందరో దూల్హాలు పూల సెహ్రా కట్టుకుని అందులోనే బరాత్ వెళ్లారు. "నా రుఖ్సతీ నానా కారులోనే" అని పిల్ల జిద్దు. ఏసీ కారు పెడతాం బేటీ అంటే వినదు.

బండి స్టార్ట్ అవుతుంది. కాస్త దూరం పోగానే దగ్గుతుంది. ఆపైన సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది. దుల్హన్‌ను కూర్చోబెట్టుకుని చౌరస్తాలో అట్లా పేలితే అత్తవారి ముందు మా ఇజ్జత్ ఏంగాను? నాకున్న అరకొర ఇల్మ్‌తో ప్లగ్గులు మార్చాను, పాయింట్లు మార్చాను, కాయిల్ కూడా మార్చాను. పైసలు పోయాయి, దగ్గు పోలేదు.

చివరికి అబ్బా కాలం నుంచీ బండి చూస్తున్న ఉస్తాద్‌ని బతిమాలి పిలిపించాను. ఆయన డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి షాఫ్ట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని ఊపారు. ఊగింది. "బుష్ అరిగిపోయింది బేటా. కొత్త పాయింట్లు పాపం ఏం చేస్తాయి?"

ఉర్దూ మీడియంలో భాగహారాన్ని మేం తక్సీమ్ అనేవాళ్లం. డిస్ట్రిబ్యూటర్ చేసేదీ అదే. కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టుల కరెంటును నాలుగు ప్లగ్గులకు పంచుతుంది. ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఇదీ వరస. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరుగుతుంది. పాయింట్లు విడిపోయే సందు అర మిల్లీమీటరు కన్నా తక్కువే. షాఫ్ట్ ఊగిందంటే ఆ సందు ఒకసారి పెద్దదవుతుంది, ఒకసారి చిన్నదవుతుంది. ఎవరి హిస్సా వాళ్లకు వేళకు అందదు. (అన్నదమ్ముల ఆస్తి గొడవలు రిపోర్ట్ చేసినవాణ్ని, నాకిది వెంటనే అర్థమైంది.)

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో రెండు దుకాణాలవాళ్లు నవ్వి పంపేశారు. మూడో దుకాణంలో బుష్ మార్చి బాగుచేసిన పీసు దొరికింది. 2,600 అన్నాడు. పాతది తెచ్చిస్తే 500 వాపస్.

జుమేరాత్ పొద్దున ఉస్తాద్ పని మొదలుపెట్టారు. ఇంజన్‌ని చేత్తో తిప్పి, రోటర్ మొదటి సిలిండర్ వైపు చూసేట్టు ఆపారు. పాతది తీసేముందు గుర్తు పెట్టుకోవాలి కదా అని నన్ను గ్రీజు తుడవమన్నారు. కిరోసిన్ గుడ్డతో రుద్దుతుంటే ఒక గీత బయటపడింది. డిస్ట్రిబ్యూటర్ మీద సగం, ఇంజన్ మీద సగం. దానిమ్మ రంగు.

"మీ అబ్బా గీసిందే. టైమింగ్ నన్ను ముట్టనిచ్చేవారు కాదు. నెయిల్ పాలిష్ అయితే పెట్రోలుకి పోదని ఆయన ఫార్ములా."

నా చేయి ఆగిపోయింది.

నాకు పదేళ్లప్పుడు, రంజాన్ ఈద్‌కి రెండు రోజుల ముందు ఆపా దానిమ్మ రంగు నెయిల్ పాలిష్ మాయమైంది. దాచుకున్న పైసలతో కొనుక్కుంది. ఇల్జామ్ నా మీద పడింది. ఖసమ్ తిన్నా నమ్మలేదు. అమ్మీ చెంపమీద కొట్టింది. ఆపా ఈద్ రోజంతా నాతో మాట్లాడలేదు. అబ్బా వాకిట్లోనే ఉన్నారు. కారు తుడుస్తున్నారు. ఒక్క మాట అనలేదు.

ఆపాని పిలిచి చూపించాను. వంగి చూసింది, వేలితో గీకింది. "యా అల్లాహ్" అని నవ్వింది. నవ్వుతూనే ఓఢ్నీతో కళ్లు ఒత్తుకుంది.

"ఈద్ అయ్యాక అబ్బా నాకు రెండు సీసాలు తెచ్చారు రే. ఒకటి పోతే రెండెందుకని అప్పుడే అడగాల్సింది."

"నాకేం తేలేదు" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. ఆ వారమే ఒక బరాత్‌కి మొదటిసారి నన్ను ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. దారంతా హారన్ నాతోనే కొట్టించారు. బేకసూర్‌గా దెబ్బలు తిన్నానని తరస్ పడ్డారనుకున్నాను. నిజం ఒప్పుకోవడానికి ఆయనకేం అడ్డొచ్చిందో! అమ్మీకి భయపడ్డారా, నా ముందు సిగ్గుపడ్డారా? అడగడానికి ఇప్పుడాయన లేరు.

కొత్త పీసు ఇట్టే దిగింది. దాని కింది నాలుక నడిమధ్యన కాకుండా ఒక పక్కకి ఉంటుంది, తిప్పి పెడితే కూర్చోదు. స్టార్ట్ చేసి, ఉస్తాద్ చెవి ఒగ్గి, డిస్ట్రిబ్యూటర్‌ని జుట్టు వాసి అటూ ఇటూ తిప్పుతూ ఒకచోట ఆపి బోల్టు బిగించారు. ఇంజన్ మీద మిగిలిన సగం గీతకు ఎదురుగా ఇప్పుడు ఏమీ లేదు.

"గుర్తు పెట్టాలి. పెయింట్ ఉందా?"

ఆపా లోపలికెళ్లింది. కూతురి షాదీ సామాన్లోంచి ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "తీస్కో. ఈసారి చోర్ నువ్వే."

పాత గీత పక్కనే కొత్తది గీశాను. పాత డిస్ట్రిబ్యూటర్ రాణీగంజ్‌కి వెళ్లలేదు. నా 500 పోయినట్టే. ఆ రాత్రి ఆపాని, అమ్మీని కూర్చోబెట్టుకుని తుంగభద్ర బ్రిడ్జి దాకా పోయి వచ్చాను. దారిలో ఒక్కసారి కూడా దగ్గలేదు. విషయమంతా విన్న అమ్మీ వెనక సీట్లోంచి చేయి చాపి నా చెంప నిమిరి, "బ్రిడ్జి వచ్చింది, ముందు చూసి నడుపు" అంది.