పరాయి కన్నీళ్లకు ఎర్ర తివాచీ

ప్రపంచ సినిమాకు ఢిల్లీ వేసిన పీట పెద్దదే. తలుపు తాళం మాత్రం ఎప్పుడూ సర్కారు చేతిలోనే ఉంది

దక్షిణ ఢిల్లీలో ఖేల్‌గావ్ దాటుతుంటే చెట్ల మధ్య శిథిలమైన రాతిగోడ ఒకటి కనిపిస్తుంది. అలాఉద్దీన్ ఖిల్జీ 1303లో కట్టించడం మొదలెట్టిన సిరి నగరపు ప్రాకారంలో మిగిలిన ముక్క అది. పట్టుబడ్డ మంగోలు సైనికుల తలలను పునాదుల్లో వేశారని, హిందీలో తలను సిర్ అంటారు కాబట్టి ఆ పేరొచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. చరిత్రకారుల మాటెలా ఉన్నా కథ మాత్రం ఢిల్లీకి సరిగ్గా నప్పుతుంది.

ఆ గోడలకు కూతవేటు దూరంలో సిరిఫోర్ట్ ఆడిటోరియం ఉంది. 1982 ఆసియా క్రీడల హడావిడిలో లేచిన భవనం. పోలండ్ నిరుద్యోగి నిస్పృహైనా, ఇరాన్ పల్లెటూరి పిల్లాడి బెంగైనా రెండు దశాబ్దాల పాటు ఢిల్లీకి చేరింది ఎక్కువగా ఈ గుమ్మంలోంచే. జనవరి చలిలో మఫ్లర్లు చుట్టుకుని క్యూ కట్టేవారు. నిజం చెప్పాలంటే ఆ క్యూలో అందరూ బెర్గ్‌మన్ భక్తులు కారు. సెన్సార్ కత్తెర పడని బొమ్మలన్న ఆశతో వచ్చి, పావుగంట పాటు పాస్టర్ ప్రార్థన చూసి, గొణుక్కుంటూ బయటికి నడిచేవారూ దండిగానే ఉండేవారు. ఉండిపోయిన వాళ్లలో కొందరు మాత్రం ఆ తర్వాత మామూలు సినిమా చూడలేకపోయారు.

మన తొలి అంతర్జాతీయ చలన చిత్రోత్సవం 1952 జనవరిలో బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకూ వెళ్లింది. విటోరియో డిసికా తీసిన 'బైసికిల్ థీవ్స్' అప్పుడే వచ్చింది. దొంగలెత్తుకుపోయిన సైకిలు కోసం రోమ్ వీధులు గాలించే తండ్రీకొడుకుల్ని చూసిన బిమల్ రాయ్ మరుసటి ఏడాదే 'దో బీఘా జమీన్' తీశారు. పేదవాడి కష్టాన్ని పాటలో, డైలాగులో కాక అతని నడకలో చూపించవచ్చని మన పరిశ్రమకు తెలిసింది అప్పుడే. ఉత్సవానికి ఆతిథ్యమిచ్చింది ప్రభుత్వం. మంచి పనే. కానీ మరొకరి దుఃఖాన్ని మనకు పరిచయం చేసే బాధ్యత సర్కారు తీసుకుంటే, మన దుఃఖం సంగతి ఎవరు చూడాలన్న ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది. దానికి జవాబు పాతికేళ్లకు దొరికింది.

1977 జనవరిలో ఢిల్లీలో ఉత్సవం జరిగేనాటికి ఎమర్జెన్సీ అమల్లోనే ఉంది. ప్రతిపక్ష నేతలెందరో జైళ్లలో ఉన్నారు. అతిథులుగా వచ్చినవారు అకిరా కురొసావా, మైకెలాంజిలో ఆంటోనియోని, ఎలియా కజాన్. సత్యజిత్ రాయ్‌తో కలిసి కురొసావా, ఆంటోనియోని తాజ్‌మహల్ దగ్గర దిగిన ఫోటోను సినీ అభిమానులు ఇప్పటికీ అపురూపంగా చూసుకుంటారు. ముప్పై ఏళ్లు కాగితాల మీద ముద్రలు కొట్టి, క్యాన్సర్ వచ్చాక తాను అసలు బతకనే లేదని గ్రహించే గుమాస్తా కథ 'ఇకిరు' తీసిన మనిషి కురొసావా. ఫైళ్ల నగరమైన ఢిల్లీకి అంతకంటే దగ్గరి కథ ఏముంటుంది?

ఆ ఫోటోకు ఏడాదికి పైగా ముందు, ఇదే రాజధాని శివార్లలో, గుర్గావ్‌లో మరో సినిమా కథ నడిచింది. కాంగ్రెస్ ఎంపీ అమృత్ నాహటా అధికారాన్ని ఎగతాళి చేస్తూ తీసిన 'కిస్సా కుర్సీ కా' సెన్సార్‌లో చిక్కుకుంది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. న్యాయమూర్తులు చూద్దామనుకునేసరికి బొమ్మ లేదు. ప్రింట్లను, నెగటివ్‌ను 1975 నవంబర్‌లో సంజయ్ గాంధీ మారుతీ ఫ్యాక్టరీ ఆవరణలో తగలబెట్టారన్నది సీబీఐ అభియోగం. 1979 ఫిబ్రవరిలో కింది కోర్టు సంజయ్‌నూ, అప్పటి సమాచార శాఖ మంత్రి వి.సి.శుక్లానూ దోషులుగా తేల్చింది. 1980లో సుప్రీంకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది. నెగటివ్ మాత్రం తిరిగి రాలేదు. నాహటా అదే కథను మళ్లీ తీసి 1978లో విడుదల చేశారు. రెండోది అంత గొప్పగా లేదు. కళ కోసం దాన్ని గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కాలిన మొదటి దానికోసం గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు గుర్గావ్ గురుగ్రామ్ అయింది. మల్టీప్లెక్సులకు కొదవలేదు.

2003 అక్టోబర్‌లో సిరిఫోర్ట్‌లో జరిగిందే ఢిల్లీలో చివరి ఉత్సవం. 2004 నుంచి అది గోవా సముద్రతీరానికి వెళ్లిపోయింది. 'సినిమాయా' పత్రిక నడిపిన అరుణా వాసుదేవ్ 1999లో మొదలెట్టిన ఆసియా చిత్రాల పండుగ సినీఫ్యాన్ కొంతకాలం ఆ లోటు తీర్చింది. 2012 తర్వాత అదీ లేదు. 1970లో తెరుచుకున్న చాణక్య సినిమా హాలు 2007 డిసెంబర్‌లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు ఖరీదైన మాల్ ఉంది. మిగిలినవి కస్తూర్బా గాంధీ మార్గ్‌లోని మాక్స్ ముల్లర్ భవన్, లోదీ ఎస్టేట్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్, లోదీ రోడ్‌లో హ్యాబిటాట్ సెంటర్ లాంటివి. చాలాసార్లు టికెట్ ఉండదు. ఉండాల్సిందల్లా సాయంత్రం తీరిక.

ఈ హాళ్లకో గమ్మత్తయిన మర్యాద ఉంది. ప్రతి దేశమూ తన పాత పాపాలను ధైర్యంగా చూపిస్తుంది. జర్మన్లు నాజీల్ని, పోలండ్ వాళ్లు కమ్యూనిస్టు జమానాను. వర్తమానం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీకి 2010లో ఆరేళ్ల జైలు, ఇరవై ఏళ్ల నిషేధం విధించారు. ఇంట్లో కూర్చుని 'దిస్ ఈజ్ నాట్ ఎ ఫిల్మ్' అని పేరు పెట్టి తీసిందే 2011లో కేన్స్‌కు వెళ్లింది. 2025లో ఆయన 'ఇట్ వాజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్'కు కేన్స్ అత్యున్నత పురస్కారమే దక్కింది. ఏ రాయబార కార్యాలయమూ తన దేశభక్తి పండుగలో పెట్టుకునే బాపతు మనిషి కాదాయన.

అయినా పాత పాపాలు కూడా ఢిల్లీలో చూస్తే కొత్తగా గుచ్చుకుంటాయి. ఫాస్‌బైండర్ 1974లో తీసిన 'అలీ: ఫియర్ ఈట్స్ ది సోల్' ప్రేమకథ. ఊడ్చి తుడిచే పని చేసుకునే జర్మన్ ముసలామె, ఆమెకంటే బాగా చిన్నవాడైన మొరాకో కార్మికుడు. వాళ్ల ప్రేమకు అడ్డం వచ్చే విలన్ ఎవడూ లేడు. మెట్ల మీద గుసగుసలాడే పక్కింటివాళ్లు, అలీ భాష అర్థం కానట్టు నటించే కిరాణా కొట్టువాడు, అంతే. మునిర్కాలోనో ముఖర్జీ నగర్‌లోనో గది అద్దెకడిగి, పేరు చెప్పగానే ఓనరు ముఖం మారడం చూసిన కుర్రాళ్లకు సబ్‌టైటిళ్లతో పనిలేదు.

కీస్లోవ్‌స్కీ 'ఎ షార్ట్ ఫిల్మ్ ఎబౌట్ కిల్లింగ్' ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఒక కుర్రాడు టాక్సీ డ్రైవర్‌ను అకారణంగా, భయంకరంగా చంపుతాడు. తర్వాత రాజ్యం ఆ కుర్రాణ్ని ఉరి తీస్తుంది. రెండో హత్యను కూడా దర్శకుడు అంతే వివరంగా, అంతే ఓపికగా చూపిస్తాడు. ఆ సినిమా వచ్చిన 1988లోనే పోలండ్‌లో చివరి ఉరి అమలైంది. 2020 మార్చి 20 తెల్లవారుజామున తీహార్ జైల్లో నిర్భయ కేసు దోషులు నలుగుర్ని ఉరితీసినప్పుడు బయట జనం చేరి సంబరం చేసుకున్నారు. బాధితురాలి తల్లి ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన నగరంలో ఆ సంబరాన్ని తప్పుపట్టడం తేలిక కాదు. కీస్లోవ్‌స్కీ కూడా తప్పుపట్టడు. తాడు బిగించే చేతులు ఎలా వణుకుతాయో చూడమంటాడు. వాదించి ఒప్పించే సినిమాలకంటే ఇలా చూడమని కూర్చోబెట్టేవే ఎక్కువ కాలం నిలుస్తాయి.

విశ్వాసం విషయంలోనూ అంతే. డ్రేయర్ 1955లో తీసిన 'ఓర్డెట్'లో ప్రసవంలో పోయిన కోడలు శవపేటికలోంచి లేస్తుంది. మన భక్తి చిత్రమైతే శంఖాలు, పూలవాన ఉండేవి. డ్రేయర్ గదిలో వెలుతురు తప్ప మరేదీ ఉండదు. దేవుణ్ని నమ్మనివాడూ ఆ క్షణంలో గుటక మింగుతాడు.

సిరిఫోర్ట్ నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో చిత్తరంజన్ పార్క్. చేపల మార్కెట్, దుర్గాపూజ పందిళ్లతో కళకళలాడే ఈ కాలనీ మొదట్లో తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన వారికోసం ఏర్పడింది. అలాంటి శరణార్థి కుటుంబం కథే రిత్విక్ ఘటక్ 'మేఘే ఢాకా తారా' (1960). ఇంటిని మోసిన అమ్మాయినే ఇల్లు తినేస్తుంది. ఇంకో దిక్కుకు వెళితే లజ్‌పత్ నగర్. దేశ విభజనలో పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు నిలదొక్కుకున్న చోటే తర్వాత అఫ్ఘాన్లు రొట్టెల పొయ్యిలు పెట్టుకున్నారు. తాలిబన్ల పాలనలో కూలి కోసం మగపిల్లాడి వేషం వేసుకున్న బాలిక కథను సిద్దిక్ బార్మక్ 2003లో 'ఒసామా'గా తీశారు. ఆ పాత్రకు కాబూల్ వీధిలో అడుక్కుంటున్న పిల్లనే ఎంచుకున్నారు. ఆ కథల్లోంచి లేచొచ్చిన మనుషులు ఢిల్లీలో మన పక్కనే కూరగాయలు బేరమాడుతుంటారు.

తెలుగువాళ్లం ఈ వరుసలో తలవంచుకోవాల్సిన పనిలేదు. బి.నర్సింగ రావు 'దాసి' (1988) జాతీయ పురస్కారాలు గెలుచుకుంది. అర్చన ఉత్తమ నటి, చిత్రకారుడు తోట వైకుంఠం ఉత్తమ కళా దర్శకుడు. తెలంగాణ గడీలో దొర చెప్పినట్టు నడిచే కమలాక్షి కడుపులో బిడ్డ కూడా దొర ఆజ్ఞ ప్రకారమే పోవాలి. సినిమాలో ఎవరూ గట్టిగా ఏడవరు. గడీ వరండాల నిశ్శబ్దం ఆ పని చేస్తుంది. డ్రేయర్ పక్కన పెట్టినా చిన్నబోయే సినిమా కాదు. దానికి ఢిల్లీలో చప్పట్లు బాగానే మోగాయి. తన ఊరి దొరల గురించి తీసి ఉంటే ఢిల్లీ అంత ఉదారంగా ఉండేదా అంటే అనుమానమే.

అనుమానానికి తాజా ఆధారాలున్నాయి. ఉత్తరాది పోలీసు స్టేషన్ నేపథ్యంలో కులం, మతం, లాఠీల గురించి సంధ్యా సూరి తీసిన 'సంతోష్' బ్రిటన్ తరఫున ఆస్కార్‌కు వెళ్లింది. 2024లో కేన్స్‌లో చూపించారు. సెన్సార్ బోర్డు అడిగిన కత్తిరింపుల దగ్గర వ్యవహారం ఆగి, 2025లో మన థియేటర్లకు రాలేదు. ఉత్సవాల్లో చూపించే విదేశీ చిత్రాలకు సెన్సార్ మినహాయింపు ఇచ్చేది కేంద్ర సమాచార, ప్రసార శాఖ. 2025 డిసెంబర్‌లో కేరళ చలన చిత్రోత్సవానికి ఆ శాఖ మొదట నిరాకరించిన చిత్రాల్లో పాలస్తీనా సినిమాలతోపాటు ఐజెన్‌స్టైన్ 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్' కూడా ఉంది. పురుగులు పట్టిన మాంసం తినబోమని నావికులు తిరగబడ్డ ఆ మూగ సినిమాకు అప్పటికి సరిగ్గా నూరేళ్లు.