అండమాన్‌లో మన యాస

బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని దీవులు తిరగాలంటే బాలీకో థాయ్‌లాండ్‌కో పోనక్కర్లేదు. మా మేడ్చల్, శామీర్‌పేట వైపు కొత్తజంటలు ఎవరు అడిగినా మేమిద్దరం అండమాన్ పేరే చెప్తున్నాం.

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) మా ఆయన హిందీలో కొబ్బరిబోండం ధర అడిగితే, కొట్టే ఆవిడ కత్తి ఆపకుండానే “ఏ ఊరు బాబూ మీది?” అంది. శ్రీకాకుళం యాస! ప్రాణం లేచొచ్చింది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. విశాఖ నుంచి ఓడలు నడుస్తాయి మరి.

నాకు బాగా నచ్చింది నీల్ దీవి. ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్నారు. చిన్నది, అద్దె సైకిళ్ల మీదే తిరిగేశాం. దారి పక్కన కూరగాయల తోటలు, అరటిచెట్లు. లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెన చూడాలంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ కనుక్కుని వెళ్లండి. అప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో పీతలు, చిన్న చిన్న చేపలు, పగడాలు కాళ్ల దగ్గరే కనిపిస్తాయి. దయచేసి పగడాల మీద అడుగు పెట్టొద్దు, అవి ప్రాణమున్నవి. ముక్క కూడా సంచిలో వేసుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

వెళ్లేవాళ్లు ఫెర్రీ టికెట్లు మాత్రం ముందే తీసుకోండి.