ఏర్ అంటే నీళ్లే

మేము కరీంనగర్‌లో ఇంటర్ చేరిన ఏడు, మా హాస్టల్ గదిలోకి ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు నుంచి ఒక గోండు మిత్రుడు వచ్చాడు. మొదటి రాత్రి అన్నం తింటుంటే పొలమారి, "ఏర్... ఏర్" అన్నాడు. పొలమారినప్పుడు ఎవరికైనా అమ్మ నేర్పిన మాటే కదా వచ్చేది! మేము మాత్రం "వీనికి గ్లాసు నీళ్లు సాలవట, ఏరే కావాల్నట" అని పగలబడి నవ్వాం. ఆనాటి నుంచి అతని పేరు 'ఏరు' అయింది.

ఒక ఆదివారం వాళ్ల నాయన ఇప్పపూల మూట పట్టుకొని వచ్చాడు. ఆయన గోండిలో అడిగినవాటికి కొడుకు మా ముందు తెలుగులోనే జవాబు చెప్పాడు. ఆ పెద్దాయన మా ముఖాల వంక ఒకసారి చూసి, మూట అక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

నిజానికి ఆ బాధ మాకు తెలియనిది కాదు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మొగులు, చెల్క, ఒర్రె అని రాస్తే బడిలో ఎర్ర గీతలు పడ్డవి. అయినా మేము నవ్వాం.

ఇప్పుడు మాకు ఇరవై మూడేళ్లు. పీజీలో భాషల పాఠం వింటుంటే స్వాహిలీ సంగతి వచ్చింది. సింబా అంటే సింహమనీ, సఫారీ అంటే ప్రయాణమనీ, అవి స్వాహిలీ మాటలనీ తెలిసి సంబరపడ్డాం. ఆ భాష కోసం యునెస్కో 2021లో జూలై 7ను ప్రపంచ దినంగా ప్రకటించింది. కానీ టాంజానియాలో వందకు పైగా ఉన్న చిన్న భాషలు ఆ స్వాహిలీ నీడలోనే సన్నగిల్లుతున్నాయట. అప్పుడు మిత్రుడు గుర్తొచ్చాడు. అతని ముందు మా తెలుగే స్వాహిలీ అయింది!

అదే పాఠంలో ఇంకొకటి తెలిసింది. గోండి, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబం. పుల్లి అంటే పులి, పిట్టె అంటే పిట్ట. వాళ్ల ఏర్, మన ఏరు తోబుట్టువులే. మేము నవ్వింది మా మాటను చూసే.

మొన్నటి సెలవుల్లో గోదావరి దాటి వాళ్ల ఊరికి పోయాం. నాయన అడవిలో ఒక్కొక్క చెట్టునూ గోండి పేరుతో పిలిచి, దేని ఆకు తినాలో, దేని బెరడు మందో చెప్పాడు. మాకు వచ్చింది 'చెట్టు' అన్న ఒక్క మాటే. ఆ పేర్లు పోతే ఆ ఎరుకా పోతుంది. ఇక అడవి తరఫున మాట్లాడేదెవరు? కొమరం భీం జల్, జంగల్, జమీన్ అన్నది ఈ నేల మీదే కదా! నాగోబా పూజకు మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి కాలినడకన వచ్చి తీసుకుపోయేదీ మన గోదావరి నీళ్లే.

2011 జనగణనలో గోండి మాతృభాషగా చెప్పినవారు దాదాపు 30 లక్షలు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మాత్రం గోండికి ఇంకా చోటు లేదు.

తమ్ముళ్లారా! మీ గదిలోకి గోండు, కొలాం పిల్లవాడు వస్తే పేరు పెట్టి నవ్వకండి. పది మాటలు నేర్పమని అడగండి.

తిరిగి వచ్చేటప్పుడు నాయన మాకు చెంబు అందించి "ఏర్" అన్నాడు. ఈసారి ఎవరమూ నవ్వలేదు. తాగి, "ఏర్" అని చెంబు తిరిగి ఇచ్చాం. నవ్వింది ఆయనే.