ముసుగు కింద దాచిన తల



ఈ వారం మా ఇంటి సంగతి ఒకటి మీతో చెప్పాలనుకుంటున్నాము. మా రెండో అమ్మాయి సంగతి. తనను అడిగి, తను సరే అన్న తరువాతే రాస్తున్నాము. "రాయండి నాన్నా, నాలాగ బాధపడేవాళ్లు ఇంకా ఉన్నారు" అంది.

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చాక కూడా అమ్మాయి ముసుగు తీయలేదు. భోజనాల దగ్గరా తీయలేదు. వాళ్లమ్మ అడిగితే తలనొప్పి అంది. రెండు రోజుల తరువాత బాత్‌రూమ్ తూములో నీళ్లు పోకపోతే పుల్ల పెట్టి లాగాము. గుప్పెడు జుట్టు వచ్చింది. ఆ సాయంత్రం వాళ్లమ్మ దగ్గర కూర్చోబెట్టుకొని ముసుగు తీసి చూసింది. పాపిడి దగ్గర రెండు వేళ్ల వెడల్పున మాడు కనబడుతోంది. చెవుల పైన వెంట్రుకలు విరిగిపోయి మోళ్లలా ఉన్నాయి. మిగిలిన జుట్టు కొబ్బరి పీచులా ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల, తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.

అప్పుడు చెప్పింది. మే నెలలో పెదనాన్నగారి అబ్బాయి పెళ్లి ఉందని, ఏప్రిల్‌లో టౌనులో ఒక పార్లరుకు వెళ్లి జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకుందట. మందు పెట్టినప్పుడే మాడు మండింది. "కాసేపు ఓర్చుకోండి" అన్నారట, ఓర్చుకుంది. పెళ్లిలో అందరూ జుట్టు బాగుందన్నారు, మేమూ అన్నాము. మొదళ్లలో మళ్లీ ఉంగరాలు తిరుగుతున్నాయని జూన్‌లో రెండోసారి వెళ్లింది. ఆ తరువాత ఊడడం మొదలైంది.

"మాతో ఒక్క మాట చెప్పలేదేమమ్మా" అని అడిగాము. తలవంచుకొని, "మీరు జూన్‌లో చెప్పిన ప్రసంగం విన్నాక ఎలా చెప్పను?" అంది.

మాకు గుర్తొచ్చింది. 1 పేతురు 3వ అధ్యాయం మీద చెబుతూ, ఈ కాలపు ఆడపిల్లలు మందిరం కంటే పార్లర్ల చుట్టూ ఎక్కువ తిరుగుతున్నారని ఒక మాట విసిరాము. సంఘమంతా నవ్వింది. మా బిడ్డ మూడో వరుసలో, మండుతున్న తల మీద ముసుగు వేసుకొని కూర్చొని ఆ నవ్వు విన్నది. పేతురు ఆ మాటలు స్త్రీలను ధైర్యపరచడానికి రాశాడు. మేము నవ్వించడానికి వాడుకున్నాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అసలు ఈ పిల్లకు తన జుట్టు బాగోదని మొదట చెప్పింది ఎవరు? పార్లరువాళ్లు కాదు, మేమే. పుట్టు ఉంగరాల జుట్టు. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ దువ్వెన పట్టుకొని "ఏటే ఈ జుత్తు, పిచ్చిక గూడులాగున్నాది" అంటే అందరం నవ్వేవాళ్లం. ఆదివారం పొద్దున్న నూనె పట్టించి, లాగి లాగి బిగించి జడ వేసేవాళ్లం. సంబంధానికి ఫొటో పంపాలన్నప్పుడు "జుట్టు కాస్త అణిగేలా చూసుకొని దిగమ్మా" అన్నది కూడా మేమే. దేవుడు ఇచ్చిన దాన్ని తప్పని ఇరవై ఏళ్లు చెప్పి, దాన్ని మార్చుకోబోతే అలంకార పాపమని చెప్పాము. మా బిడ్డ ముందు ఒప్పుకున్నాము, మీ ముందు కూడా ఒప్పుకుంటున్నాము.

వారం తిరగకుండా విశాఖపట్నం తీసుకెళ్లి చర్మవ్యాధుల డాక్టరుగారికి చూపించాము. ఆయన ఓపికగా చెప్పినవి, తరువాత మేము చదివి తెలుసుకున్నవి కలిపి చెబుతాము. మీ ఇళ్లలో ఆడపిల్లలకు పనికొస్తాయి.

మనకు కనబడే వెంట్రుకలో ప్రాణం ఉండదు. ప్రాణమంతా మాడు లోపలి కుదుళ్లలోనే. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. దానిలోని గంధకపు బంధాలు వెంట్రుకకు బలాన్నీ, వంపునూ ఇస్తాయి. కొన్ని మందులు ఆ బంధాలను తెంచి, వెంట్రుకను సాపుగా చేసి మళ్లీ అతికిస్తాయి. తెగినవన్నీ తిరిగి అతుక్కోవు. అందుకే రెండోసారి, మూడోసారి చేస్తే వెంట్రుక విరుగుతుంది. కెరటిన్ ట్రీట్‌మెంట్ అని చెప్పే కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, లేదా ఇస్త్రీ వేడికి వెలువడుతుంది. అది క్యాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ ప్రకటించింది. అది లేదని అమ్మే వాటిలో కొన్నింట్లో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. 26 ఏళ్ల ఒక యువతికి ఇలాంటి క్రీము వాడిన మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయని 2024లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రాన్స్ డాక్టర్లు రాశారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మాడు మండితే ఓర్చుకోవద్దు, వెంటనే కడిగించుకోండి. వాంతులు, నడుం నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

జుట్టు పోవడం రెండు రకాలట. మధ్యలో విరిగిపోవడం ఒకటి, కుదురు నుండి ఊడిపోవడం ఒకటి. ఊడిన వెంట్రుక చివర చిన్న తెల్లని గుబ్బ ఉంటే అది కుదురు నుండి వచ్చింది. మా అమ్మాయికి రెండూ ఉన్నాయి. రోజుకు యాభై నుండి వంద వెంట్రుకలు ఊడడం మామూలే. శరీరానికి గట్టి దెబ్బ తగిలినా, మనసు బాగా నలిగినా, రెండు మూడు నెలల తరువాత ఒక్కసారిగా చాలా ఊడవచ్చు. కుదుళ్లు మచ్చకట్టకుండా ఉంటే మళ్లీ వస్తుంది. మాడు కాలి మచ్చపడితే ఆ చోట రాకపోవచ్చు, అందుకే తొందరగా చూపించుకోవాలి. మా అమ్మాయికి రక్తపరీక్షలో ఐరన్ తక్కువగా ఉందని మాత్రలు రాశారు.

"పాడైన జుట్టు బాగుపడడానికి ఏ నూనె రాయాలండీ?" అని వాళ్లమ్మ అడిగింది. డాక్టరుగారు నవ్వి, "పాడైంది బాగుపడదమ్మా. కొబ్బరినూనె రాయండి, ఉన్నది విరగకుండా కొంత కాపాడుతుంది. కొత్తది లోపల నుంచే రావాలి. మందు, ఇస్త్రీ, బిగుతు జడ మూడూ మానేసి ఆగాలి" అన్నారు. నెలకు ఒక సెంటీమీటరు, అంతకు కాస్త ఎక్కువ పెరుగుతుందట. ఎంత ఖర్చు పెట్టినా అంతకు మించి తొందరపడదు.

సెప్టెంబరులో మెడ దాకా కత్తిరించేశాము. మన ఊళ్లో ఆడపిల్ల జుట్టు పొట్టిగా కనబడితే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. "తిరపతి ఎల్లొచ్చావేటమ్మా?" అని పాస్టరుగారి అమ్మాయిని అడిగేసి నాలుక కరుచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. తనూ నవ్వింది. చాలా రోజుల తరువాత అదే మొదటి నవ్వు. స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ ఏమీ అడగకుండా వచ్చి, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి వెళ్లింది. మా అన్ని ప్రసంగాల కంటే ఆ చెయ్యి మా బిడ్డకు ఎక్కువ మేలు చేసింది.

నవంబరులో నుదుటి పైన సన్నగా వెంట్రుకలు కనబడ్డాయి. వాళ్లమ్మ దీపం దగ్గరకు తీసుకెళ్లి చూసి కేకేసింది. అవి ఉంగరాలు తిరిగే వస్తున్నాయి. ఇప్పుడు పది నెలలు దాటింది. పాపిడి మూసుకుంది. పాత జుట్టు కొసలు ఇంకా కొంచెం ఉన్నాయి, నెలకోసారి కత్తిరిస్తున్నాము.

న్యాయాధిపతులు 16వ అధ్యాయంలో సమ్సోను కథ మేము ఎన్నోసార్లు చెప్పాము. అతని బలం, దెలీలా మోసం, కూలిన స్తంభాలు చెప్పాము. 22వ వచనం మీద ఎప్పుడూ ఆగలేదు. కళ్లు పోయి, చెరసాలలో తిరుగలి విసురుతున్నవాడి తల మీద వెంట్రుకలు మళ్లీ మొలవడం మొదలైందని అక్కడ ఉంది. అతన్ని ఎగతాళి చేసినవాళ్లు అది గమనించలేదు. దేవుడు గమనించాడు. లూకా 12:7లో మన తలవెంట్రుకలన్నీ లెక్కించబడ్డాయని ప్రభువు చెప్పిన సంగతి మీకు తెలుసు. తూములో పోయినవి కూడా ఆ లెక్కలో ఉన్నాయని మేము నమ్ముతున్నాము.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ జుట్టు గురించో, రంగు గురించో, ఒళ్లు గురించో ఇంట్లో నవ్వే ముందు ఒక్కసారి ఆలోచించండి. చెల్లెళ్లారా, ఇప్పటికే మందు పెట్టించుకొని దాచుకుంటున్నవాళ్లు ఉంటే, మిమ్మల్ని ఎవరూ గద్దించరు. అమ్మగారి దగ్గరకు రండి. డాక్టరు దగ్గరకు తోడు వస్తాము.

ముసుగు దేవుని ఎదుట భక్తితో వేసుకునేది. మన మాటలకు భయపడి ఏ బిడ్డా దాని కింద ఏడవకూడదు.

మా అమ్మాయి కొరకు, మా నోటి మాటల కొరకు మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి. ప్రభువు కృప మీ అందరికీ తోడై యుండును గాక. ఆమేన్.